ఏమీ జరగని మార్చి పంతొమ్మిది

మా పిన్ని గొంతు మీద మా ఇంట్లో అందరికీ ఒక ఫిర్యాదు ఉండేది. ఆవిడ పక్కగదిలో గుసగుసగా చెప్పిన రహస్యం వీధి చివర ఇస్త్రీ చేసేవాడికి కూడా వినబడేది. "మెల్లగా మాట్లాడవే, సున్నం రాలుతోంది" అని అమ్మమ్మ గోడవైపు చూపించేదట. పిన్నితో కలిసి చిన్నప్పుడు ఒక్క దొంగపని కూడా సరిగ్గా చేయలేకపోయానని మా అమ్మ ఇప్పటికీ వాపోతుంది. అక్క కదా, తిట్లన్నీ ముందు తనకే పడేవి.

తాతయ్య పెద్ద మార్కెట్లో కాటాలు బాగుచేసేవాడు. ఆ మార్కెట్ రేకుల కప్పు కింద ఒక చిన్న ఊరంత ఉంటుంది. బట్టల వరస, గిన్నెల వరస, ఇనప సామాన్ల వరస, మధ్యలో మనిషిని నిలబెట్టి తూచగలిగే పెద్ద కాటా. వెనక గేటు దగ్గర నేలమీద బుట్టలు పెట్టుకుని తాళ్ళు, చీపుళ్ళు, దువ్వెనలు అమ్మే ఆడవాళ్ళు. పెద్ద కాటా పక్కనుంచి ఇరుకు మెట్లెక్కితే వర్తకుల సంఘం ఆఫీసు, దాన్ని ఆనుకుని మైకు గది. వరసకో లౌడ్ స్పీకర్ చొప్పున స్తంభాలకు కట్టి ఉండేవి. తప్పిపోయిన మనుషులు, దొరికిన సంచులు, అడ్డంగా ఆపిన బళ్ళు, అన్నిటి సంగతీ అందులోనే చెప్పేవారు.

చెప్పే పెద్దమనిషికి ఒకరోజు పన్ను పీకారు. దవడ వాచి, దూది కుక్కుకుని కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే ఒక ముసలావిడ తప్పిపోయి ఆఫీసుకొచ్చింది. సెక్రటరీగారు ఏం చేయాలో తోచక అటూ ఇటూ తిరుగుతుంటే, తాతయ్యకు భోజనం క్యారియరు తెచ్చిన పిన్ని కంటబడింది. అప్పటికి ఆవిడ చదువు ముగించి, ఏ పనిలో చేరాలా అని చూస్తోంది.

"అమ్మాయ్, కాస్త ఈవిడ కొడుకుని పిలిచిపెడతావా? నీ గొంతు కిందనుంచే వినబడుతోంది" అన్నారాయన.

"నేను తప్పిపోలేదు. తప్పిపోయింది మావాడు" అంది ముసలావిడ, వేయించిన పల్లీలు నములుతూ.

పిన్ని మైకు ముందు కూర్చుంది. "బట్టల వరసలో నీలం చొక్కా వేసుకున్న అన్నయ్యగారూ! మీరు తప్పిపోయారని మీ అమ్మగారు చెబుతున్నారు. కంగారు పడకండి. ఎక్కడికీ వెళ్ళకుండా ఆఫీసుకు రండి. మీ అమ్మగారు మిమ్మల్ని జాగ్రత్తగా ఇంటికి తీసుకెళ్తారు" అంది.

మార్కెట్ మార్కెట్టంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. నీలం చొక్కా ఆయన చెవుల దాకా ఎర్రబడి పరుగున వచ్చాడు. మర్నాటినుంచి పన్ను పీకించుకున్న పెద్దమనిషి సంతోషంగా చీటీలు రాసే బల్లకు మారిపోయాడు. ఆయనకు అసలు మాట్లాడటమే ఇష్టం లేదట. పిన్నికి ఉద్యోగం వచ్చింది, దానితోపాటు 'మైకమ్మ' అనే పేరూ వచ్చింది.

పొద్దున్నే షట్టర్లు లేచే వేళకు మైకు పని చేస్తోందో లేదో చూడాలి. ముందు ఆయనైతే "హలో, ఒకటి, రెండు, మూడు" అని ఊరుకునేవాడు. పిన్నికి వారం తిరక్కుండానే విసుగొచ్చింది. ఒకనాటి పొద్దున తాతయ్య చాయ్ తాగుతూ, "ఈ పెద్ద కాటా ఇక్కడ నిలబెట్టింది ఇవాళే. మా నాన్న, నేను బోల్టులు బిగించాం" అన్నాడు. పిన్ని పైకెళ్ళి, ఇత్తడి గ్లాసును చెంచాతో టంగుమని కొట్టి, "ఇదే రోజు, చాలా ఏళ్ళ కిందట, మన పెద్ద కాటా మొదటిసారి తూచింది. ఏం తూచిందో తెలుసా? బిగించిన ఇద్దరిలో చిన్నవాణ్ణి. ఆయన ఇప్పుడు దాని పక్కనే కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఇప్పుడైతే రెండింతలు తూగుతాడు" అని చెప్పింది.

కింద తాతయ్యకు పొలమారింది. సగం లేపిన షట్టర్లు అలాగే పట్టుకుని జనం నవ్వారు. మధ్యాహ్నానికల్లా బట్టల వర్తకుడు మెట్లెక్కి వచ్చాడు.

"మా తాత కొట్టు తెరిచింది వచ్చే నెల ఎనిమిదో తేదీనమ్మా. మరి అది చెప్పవా?"

"ఎందుకు చెప్పను మామయ్యా? మొదటిరోజు ఏం అమ్మారో కూడా చెప్పండి."

"మొదటిరోజు ఏమీ అమ్మలేదు. రెండో రోజు ఒక తువ్వాలు."

పిన్ని ఆ తువ్వాలు సంగతి చెప్పింది. ఇక ఆపేవాళ్ళెవరు? మొదటి కుట్టుమిషను వచ్చిన రోజు, కరెంటు దీపం వెలిగిన రోజు, లాంతర్లు అమ్మే ఆయన ఆ దీపం చూసి ఇంటికెళ్ళి పడుకున్న రోజు, అదే మనిషి బల్బుల కొట్టు తెరిచిన రోజు, ఒక్కొక్కటే ఆవిడ దగ్గరకు నడిచొచ్చాయి. కొందరు కాస్త కల్పించి చెప్పేవారు కూడా. గిన్నెల వర్తకుడి తాత ఒకే ఏడాదిలో మూడు తేదీల్లో కొట్టు ప్రారంభించినట్టు తేలింది.

"మూడుసార్లు ఎలా ప్రారంభించారు మామయ్యా?" అని పిన్ని నిలదీసింది.

"మధ్యలో రెండుసార్లు మూసేశాడమ్మా" అన్నాడాయన తడుముకోకుండా.

ఇలా ఏడాది గడిచేసరికి ప్రతి తేదీకీ ఏదో ఒకటి దొరికింది, ఒక్క మార్చి పంతొమ్మిదికి తప్ప. పిన్ని ఎవరిని అడిగినా గడ్డం గోక్కున్నారు. ఇనప వరసలో అందరికన్నా పెద్దాయన, "ఆ రోజు మనం అందరం నిద్రపోయి ఉంటామే" అన్నాడు. చివరికి ఆ పొద్దున పిన్ని గ్లాసు కొట్టి ఉన్నమాటే చెప్పేసింది. "మార్చి పంతొమ్మిది. మన మార్కెట్ చరిత్రలో ఈ రోజున ఏమీ జరగలేదు. ఏమీ జరగని రోజు శుభాకాంక్షలు!"

ఆ రోజంతా కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఒకరికొకరు అదే చెప్పుకున్నారు.

భోజనాల వేళ మైకు గది తలుపు దగ్గర ఎవరో దగ్గారు. చూస్తే గొడుగులు బాగుచేసే మనిషి. భుజాన సంచి తగిలించుకుని, ఇంటింటికీ తిరిగి విరిగిన ఊచలు సరిచేస్తాడు. కేక పెట్టడానికి సిగ్గు. అందుకని వీధుల్లో గొడుగు తెరుస్తూ మూస్తూ నడుస్తాడు, చూసినవాళ్ళే పిలుస్తారు.

"మూల కొట్టు ఒకటి అద్దెకు మాట్లాడుకున్నానండి. వచ్చే వారం తెరుద్దామనుకున్నా" అన్నాడు నేలచూపులు చూస్తూ.

"సంతోషం. ఏ తేదీనో చెప్పండి, వచ్చే ఏడాదినుంచి చదువుతాను."

"అది కాదండి. వచ్చే వారం తేదీలన్నిటికీ ఎవరో ఒకరు ఉన్నారుగా. పెద్దపెద్దవాళ్ళు. వాళ్ళ మధ్యలో నా గొడుగులు ఎవరికి వినబడతాయి? ఇవాళైతే ఎవరూ లేరన్నారు. ఇవాళే తెరిచేస్తే..."

పిన్ని ఆయన భుజాన ఉన్న సంచి వైపు చూసింది. "సామానుందా?" అంది.

"సంచి ఉంది. స్టూలు ఎవరైనా ఇస్తే..."

"ఈ స్టూలు పట్టుకెళ్ళండి" అని తన స్టూలే ఇచ్చేసి, నిలబడి గ్లాసు కొట్టింది. "పొద్దున చెప్పింది దిద్దుకుంటున్నాం! ఇవాళ, ఇప్పుడే, మన మార్కెట్లో మొదటి గొడుగుల కొట్టు తెరుచుకుంది. మూలన ఉంది. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు కాబట్టి ఇప్పుడే బాగుచేయించుకోండి, వాన పడేటప్పుడు వరసలో నిలబడక్కర్లేదు!"

సాయంత్రానికి ఆ మూలన జనం. అందరూ వెళ్ళాక పిన్ని కూడా తన గొడుగు పట్టుకెళ్ళింది. అది నిన్నగాక మొన్న కొన్నది. వెళ్ళేముందు మెట్లమీద నిలబడి ఒక ఊచ తనే మోకాలికేసి వంచింది. ఆయన గొడుగు తెరిచి, ఊచను వేలితో తడిమి, "గాలికి వంగింది కాదండి ఇది" అన్నాడు.

"మరి దేనికి?"

"మీరే చెప్పాలి" అన్నాడు. అంత సిగ్గరి ఆ మాట ఎలా అనగలిగాడో ఆయనకే ఆశ్చర్యమట. అలా వంగిన ఊచ పుణ్యమా అని ఆయన మాకు బాబాయి అయ్యాడు. పెళ్ళి మాటలకు మా ఇంటికొచ్చినప్పుడు, "గొంతు సంగతి తెలుసా బాబూ?" అని అమ్మమ్మ నిజాయితీగా అడిగింది. "దానికే వచ్చానండి" అన్నాడు బాబాయి.

బాబాయి కొట్టు బాగా నడిచిందన్న మాట పాకి, తర్వాతి ఏడు సబ్బులు చేసే ఆవిడ తన కొత్త కొట్టుకు అదే తేదీ ఎంచుకుంది. ఆ మరుసటి ఏడు గిర్రున తిరిగే కుర్చీతో మంగలి వచ్చాడు. అటుపైన గడియారాలు బాగుచేసే కవల సోదరులు, జెరాక్స్ మిషను, మార్కెట్ మొదటి లిఫ్టు. లిఫ్టు ఆ రోజు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయి, ప్రారంభించిన సంఘం అధ్యక్షుడు లోపలినుంచే ఉపన్యాసం ఇచ్చాడు. ఎవరు ఏ కొత్త పని మొదలుపెట్టాలన్నా మార్చి పంతొమ్మిదికోసం ఆగడం మొదలుపెట్టారు. మిగతా రోజుల్లో పిన్ని చదివేది నాలుగు ముక్కలైతే, ఆ రోజున గొంతు తడుపుకోవడానికి కూజా దగ్గర పెట్టుకుని కూర్చునేది. ముగింపు మాత్రం ఎప్పుడూ ఒకటే. "వీటన్నిటికీ ముందు, మా గొడుగులాయన వచ్చేదాకా, ఈ తేదీన ఏమీ జరగలేదు!" ఆ మాటకు బాబాయి కొట్టు బయటకొచ్చి, ఒక గొడుగు తెరిచి, మూసి, లోపలికి వెళ్ళేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. నేనూ సెలవు పెట్టి మరీ వెళ్ళి చూసేదాన్ని.

అలాంటి ఒక మార్చి పంతొమ్మిదిన నేను మైకు గదిలోనే ఉన్నాను. పిన్ని చదవడం ముగించి మైకు ఆపింది. మెట్లమీద ఎవరో ఆయాసపడుతున్న చప్పుడు. తలుపు పట్టుకుని తాళ్ళ మామ్మ నిలబడింది. వెనక గేటు దగ్గర బుట్టల వరసలో అందరికన్నా పెద్దావిడ. అంత పైకి ఎప్పుడూ ఎక్కి ఎరగదు.

"కూర్చో మామ్మా. ఏం పోయింది, సంచా?" అంది పిన్ని స్టూలు జరుపుతూ.

"నాదేం పోలేదు. నువ్వే ఒకటి పోగొట్టుకున్నావు" అంది మామ్మ. "ఏటా వింటున్నా. ఏమీ జరగలేదు, ఏమీ జరగలేదు అంటావు. మా అమ్మ చేసింది ఏమీ కాదటే?"

మామ్మ ఊపిరి తీసుకుని చెప్పుకొచ్చింది.

ఆ రోజుల్లో షట్టరున్న వాళ్ళే గేటు లోపల అమ్మాలి. బుట్టలవాళ్ళు రోడ్డుమీద, ఎండలో, బళ్ళు వెళ్ళే దారిలో. కాపలావాడు కర్ర ఊపితే లేచి పరిగెత్తాలి. మామ్మ వాళ్ళమ్మ తాళ్ళు పేనేది. ఒక మార్చి పంతొమ్మిదిన మామ్మ పుట్టినరోజు వచ్చింది. చిన్నపిల్ల. గౌను కొనిపెడతానని తల్లి మాటిచ్చింది. ఆ గౌను రావాలంటే బుట్ట ఖాళీ కావాలి, బుట్ట ఖాళీ కావాలంటే ఒకచోట సాయంత్రం దాకా కూర్చోవాలి. ఆవిడ నేరుగా వెనక గేటు లోపలికి నడిచొచ్చి బుట్ట దించింది.

"కాపలావాడు లే అన్నాడు. మోకాలు పట్టేసింది నాయనా, లేవలేను అంది మా అమ్మ. ఎత్తుదామని నలుగురు వచ్చారు. చూస్తే ఏముంది? నడుముకి తాడు, తాడు బుట్టకి, బుట్ట గేటు స్తంభానికి! ముళ్ళు విప్పబోయారు. మా అమ్మ వేసిన ముడి విప్పడం వాళ్ళ తరమా?"

పిన్ని నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"తాడు తెగ్గొట్టమన్నారు. కత్తి తెచ్చి కోశారు, కోశారు, తెగదే! చుట్టూ వర్తకులు మూగి చూస్తున్నారు. ఇంత గట్టి తాడా అని ఒకాయన అక్కడే నాలుగు చుట్టలు కొన్నాడు. ఆయన్ని చూసి ఇంకొకాయన. మధ్యాహ్నానికి బుట్ట ఖాళీ. మా అమ్మ మోకాలు నయమైపోయింది. తనే ముడి విప్పుకుని లేచి, ఆ కోసిన తాడు కూడా చుట్టి మొదటాయనకే అమ్మేసి, అందరికీ దణ్ణం పెట్టి ఇంటికొచ్చింది."

"గౌను?" అన్నాను నేను ఆగలేక.

"పసుపు రంగుది. జేబులుండేవి" అంది మామ్మ, ఆ జేబుల్లో చేతులు పెట్టుకున్నట్టే ఒళ్ళో చేతులు సర్దుకుంటూ. "మర్నాడు చీపుళ్ళావిడకు మోకాలు పట్టేసింది. ఆ మర్నాడు దువ్వెనలావిడకు. వారానికి ఆ గేటు దగ్గర అందరివీ పట్టేసిన మోకాళ్ళే. సంఘంవాళ్ళు చేతులెత్తేసి, సున్నంతో గీతలు గీసి, ఇక్కడ కూర్చోండి తల్లీ అన్నారు. అదీ మా వరస పుట్టడం."

పిన్ని కూజాలోంచి నీళ్ళు వంచి మామ్మకు అందించింది. "ఇన్నేళ్ళుగా నాకెందుకు చెప్పలేదు మామ్మా?" అంది.

"నువ్వు అడిగితేగా! అందరినీ ఏమని అడిగేదానివి? కొట్టు ఎప్పుడు తెరిచారు, కొట్టు ఎప్పుడు తెరిచారు అని. మాకు తెరవడానికి తలుపేదే?"

పిన్ని లేచి నిలబడి మైకు మీట నొక్కబోయింది. చప్పుడు విని పక్కగదిలోంచి సెక్రటరీగారు తొంగి చూశారు. ఆయనా అప్పటికి ముసలాయనే. "చెప్పేముందు కాస్త ఆలోచించమ్మా. దీనికి ఋజువేముంది?" అన్నారు మెత్తగా.

"గిన్నెల మామయ్య తాతగారు మూడుసార్లు ప్రారంభించినదానికి ఏ ఋజువు చూశామండీ?" అంది పిన్ని.

సెక్రటరీగారు ఆలోచించారు. "అదీ నిజమే" అని వచ్చి, తనే గ్లాసు, చెంచా అందించారు.

టంగుమన్న చప్పుడుకు మార్కెట్లో వాళ్ళు మళ్ళీ ఎవరో తప్పిపోయారనుకున్నారు. "వినండి, వినండి! నేను ఇన్నేళ్ళుగా తప్పు చెబుతున్నాను" అని మొదలుపెట్టింది పిన్ని. తాళ్ళ కథ మొత్తం చెప్పింది. మోకాలు దగ్గర జనం నవ్వారు, కత్తి దగ్గర ఇంకా నవ్వారు. పసుపు గౌను దగ్గరకొచ్చేసరికి పిన్ని గొంతు కొంచెం వణికింది. ఆ వణుకు కూడా లౌడ్ స్పీకర్లలో పెద్దగానే వినబడింది. "కాబట్టి మార్చి పంతొమ్మిదిన మన మార్కెట్లో మొట్టమొదట జరిగింది ఇది. గొడుగులాయన రెండోవాడు. ఆయన్ని ఇంటికొచ్చాక నేను ఓదార్చుకుంటాను" అని ముగించి, మైకు మామ్మ వైపు తిప్పింది. "నువ్వూ ఒక మాట చెప్పు మామ్మా."

మామ్మ మైకును అనుమానంగా చూసింది. "ఇందులో మాట్లాడితే గేటు దాకా వినబడుతుందా?"

ఆ ప్రశ్న మార్కెట్టంతా వినబడింది. "వినబడుతోంది మామ్మా!" అని వెనక గేటు నుంచి బుట్టల ఆడవాళ్ళు కేక పెట్టారు.

అంతే, మామ్మ కుదురుగా కూర్చుంది. "సరే అయితే. వెనక గేటు కొళాయి నెల్లాళ్ళుగా కారుతోంది. ఎవరిదో ఆ పని, చూడండి. చీపుళ్ళ పిల్లా, నా బుట్టమీద గోనె కప్పు, ఎండ పడుతుంది. గిన్నెలాయనా, మీ తాత కొన్న తాడు ఇప్పటికీ మీ కొట్టు వెనక వేలాడుతోంది, నేను చూశా. కొత్తది కొనవయ్యా, ఎన్నాళ్ళు వాడతావు?" పిన్ని మైకు తీసుకోబోతే చేత్తో వారించి, ఇంకా చాలాసేపు మాట్లాడింది. పిన్ని ఉద్యోగంలో చేరినప్పటినుంచి మైకు ఆవిడ చేతికి చిక్కకపోవడం అదే మొదలు.

మేం కిందికి దిగేసరికి గిన్నెల వర్తకుడు ఒక పాత తాడు చుట్ట రెండు చేతులతో పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఒకచోట సగందాకా కోసిన గుర్తు నల్లబడి కనిపిస్తోంది. "మా తాత దీన్ని ఎందుకు పారేయనిచ్చేవాడు కాదో ఇప్పుడర్థమైంది" అన్నాడు. మామ్మ ఆ తాడు పట్టుకుని, పేటలు వేలితో లెక్కించినట్టు తడిమి, "మా అమ్మదే" అంది. తర్వాత ఆయనకు కొత్త చుట్ట కూడా అంటగట్టింది.

బాబాయి మాత్రం కొట్టు ముందు గొడుగు మూసి పట్టుకుని, ముఖం ముడుచుకుని కూర్చున్నాడు. మామ్మ దగ్గరకెళ్ళి, "నా మీద కోపమా అల్లుడూ?" అంది.

"రెండోవాణ్ణయిపోయానని కాదు మామ్మా. ఇన్నేళ్ళు ఆ చప్పట్లు మీ అమ్మగారివి, నేను తీసుకున్నాను" అన్నాడాయన. ఆ సాయంత్రమే ఒక పెద్ద గొడుగు కట్టి, తీసుకెళ్ళి మామ్మ బుట్ట పక్కన పాతాడు. మర్నాడు చీపుళ్ళావిడ వచ్చి, "నాదేం పాపం?" అంది. అలా ఆ వరసంతా గొడుగులు లేచాయి. రంగురంగుల గుడ్డలు, ఏవీ ఒకలాంటివి కావు. అది చూసి కొనేవాళ్ళు ముందు గేటు మానేసి వెనక గేటునుంచి రావడం మొదలుపెట్టారు. ముందు గేటువాళ్ళు గొడవ పెట్టారు. ఆ గొడవలు సంఘం మీటింగు దాకా వెళ్ళాయి. అధ్యక్షుడు లేచి, "ఇంత రచ్చకన్నా వాళ్ళకో కప్పు వేస్తే సరి" అన్నాడు. వానాకాలం లోపల రేకుల కప్పు, కింద గచ్చు, కారని కొళాయి, అన్నీ అమిరాయి.

పిన్నికి ఆ తర్వాత పని పెరిగింది. ఇప్పుడు సాయంత్రాలు మైకు గది తాళం వేశాక నేరుగా ఇంటికి వెళ్ళదు. మూటలు మోసేవాళ్ళ దగ్గర, కత్తులు సాన పట్టే ఆవిడ దగ్గర, చాయ్ బండి దగ్గర కూర్చుంటుంది. "ఎప్పుడు తెరిచారు" అని అడగడం మానేసింది. "మొదటిరోజు ఎలా జరిగింది?" అంటుంది. మూటలవాళ్ళకు మొదటి చక్రాల బండి వచ్చిన రోజు, అది ఎవరూ ఎక్కకుండానే వాలులో దానంతటదే జారిపోయి అప్పటి మంగలి కొట్టులోకి దూరిన సంగతి, ఈమధ్యే ఆవిడకు దొరికింది.

మొన్న ఆదివారం మా ఇంటికొచ్చి ఆ కథే చెప్పింది. వంటింట్లో అమ్మ పోపు వేస్తోంది, నేను పళ్ళాలు తుడుస్తున్నాను, బాబాయి కిటికీ దగ్గర మా అమ్మ గొడుగు బాగుచేస్తున్నాడు. మంగలి నురగ బ్రష్షు చేత్తో పట్టుకుని బండికి దొరక్కుండా పరిగెత్తే ఘట్టానికొచ్చేసరికి కిటికీ బయట ఎవరో పకపకా నవ్వారు. తొంగి చూస్తే పక్కింటి వాళ్ళు, ఎదురింటి వాళ్ళు మా గోడవారగా నిలబడి ఉన్నారు.

"లోపలికి రండి, లోపలికి రండి" అని మా అమ్మ తలుపు తీసింది. "బయటనుంచి వింటే బొమ్మ కనబడదు. మా చెల్లి చేతులు కూడా తిప్పుతుంది."